వంపుల మగ్గం

నేను మూడో తరగతిలో బడి మానేశాను. మానెయ్యమని మా పంతులు అనలేదు. నేను రాని రోజున మిగతా పిల్లలకు లెక్కలు బాగా వస్తున్నాయని మాత్రం మా నాయినతో అన్నాడు. మా నాయిన పరుల పిల్లల మేలు కోరే మనిషి, మర్నాడే నన్ను తాపీ పనికి తోలాడు. బడిలో ఉన్నన్నాళ్లూ నా కింద ఏ బల్లా వంగలేదు, అంతసేపు కూర్చుంటే కదా. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది. నలభై దాటాక నేను ఏ బల్ల మీద కూర్చున్నా అది వంగుతోంది.

మొన్న అదే జరిగింది. హాలియా దిక్కు కాలువ పనికి పోయి మూడు నెలల తర్వాత ఊరికి తిరిగొచ్చాను. బస్సు దిగి, ఇంటికి పోయేముందు ఒక చాయ తాగుదామని హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాను. బల్ల నడిమధ్య కిందికి దిగింది.

“మేస్త్రీ, జర అంచుకు కూసో. నడుమ కూసుంటె చాయ నేల మీద తాగాలె నువ్వు,” అన్నాడు హోటలాయన.

అంచుకు జరిగాను. జరుగుతూ చెయ్యి కిందికి పోనిచ్చి బల్ల అడుగు తడిమాను, పీచు ఏమైనా లేచిందా అని. హోటలాయన నవ్వాడు.

“నక్ష సారు లెక్కనే చేస్తున్నవు. పాపం, పోయి నెల దాటింది.”

“ఎవరు పోయిన్రు?”

“నక్ష సారే. నీకెర్క లేదా?”

తర్వాత ఆ చాయ తాగానో లేదో గుర్తు లేదు. చెయ్యి మాత్రం మళ్లీ బల్ల కిందికే పోయింది.

ఆయన అసలు పేరు ఊర్లో చాలామందికి తెలియదు. నేనూ రాయను. తాలూకా కచేరీలో రోడ్ల నక్షలు, వంతెనల నక్షలు గంజి పెట్టిన పల్చటి గుడ్డ మీద సిరాతో దించే ఉద్యోగం ఆయనది. ఇంజనీరు కాదు, ఓవర్సీరూ కాదు. ఇంకొకరు గీసిన గీత మీద గీత గీసే మనిషి. నేతవారి ఇంట్లో పుట్టాడు. ఆయన కచేరీకి పోయినా భార్య మాత్రం ఇంట్లో గుంటమగ్గం మీద నేస్తూనే ఉండేది. సిరా ఒలికి పాడైన నక్షగుడ్డలను ఆయన ఇంటికి తెచ్చేవాడు. ఆమె వేడినీళ్లలో నానబెడితే గంజి వదిలి మెత్తటి నూలుగుడ్డ తేలేది. దాన్ని కత్తిరించి చేతిరుమాళ్లు చేసేది. ఆయన చెమట తుడుచుకుంటుంటే రుమాలు మూలన వెలిసిపోయిన వంతెన కాలు ఒకటి కనిపించేది.

ఆయన ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. ఎవరింటికి పోయినా ముందు తల పైకెత్తి దూలాన్ని చూసేవాడు, తర్వాతే మనుషుల్ని. పెండ్లి పందిట్లో అందరి కళ్లూ పెండ్లికూతురి మీద ఉంటే ఆయన కళ్లు పందిరి అడ్డకర్ర మీద ఉండేవి. బంతిలో విస్తరి ముందు కూర్చుని కూడా మధ్యలో లేచిపోయి ఆ కర్ర కింద నిలబడేవాడు. ఒకసారి నీళ్ల కావడి మోసే మనిషి వెనకాల బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవడం నేనే చూశాను. ఆ కావడి మనిషికి విసుగొచ్చి ఆగాడు.

“ఏంది సారు, నీళ్లు గావాల్నా?”

“వద్దు. నువ్వు నడువు. ఆగితె వంపు మారుతాంది.”

నాకు ఆయన పరిచయమైంది కూడా ఇట్లాంటి అడావుడిలోనే. ఒక ఇంటి గోడకు గిలాబు పూత వేస్తున్నాను, రెండు గడంచెల మీద పలక వేసుకుని. ఎవరో నిచ్చెనెక్కి వచ్చి నా పక్కన నిలబడి, ఆ పలక మీద మెల్లగా ఎగరడం మొదలుపెట్టారు. చూస్తే అంగీ జేబులో సిరా కలాలున్న ఒక సన్నటి మనిషి.

“సారు, దిగు. పలక విరిగితె నేను పడ్త. నా మీద నువ్వు పడ్తవు. అప్పుడు బతికేది నువ్వే,” అన్నాను.

“విరగది. విరిగే ముంగట చెప్తది.”

“ఎట్ల చెప్తది?”

“అడుగున పీచు లేస్తది. మీద లేవది. ఎందుకంటవు?”

“ఏమో సారు. నేను మూడో తరగతి.”

“నేను ఏడో తరగతి. నాకు గూడ తెల్వది,” అని దిగిపోయాడు.

ఆ ‘ఎందుకు’ ఆయన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. కచేరీలో ఆయన దించే నక్షల్లో సిమెంటు దూలానికి ఇనుప సలాకలు అడుగున ఉండేవి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే ఛజ్జాకు మాత్రం సలాకలు పైభాగాన ఉండేవి. ఏళ్ల తరబడి దించీ దించీ ఒకనాడు పెద్ద సారును అడిగాడట. ‘నీ పని దించుడు, అడుగుడు కాదు’ అన్నాడట ఆయన. ఈ మాట నాకు చెప్పినప్పుడు నక్ష సారు ముఖంలో కోపం లేదు. దురద ఉంది. వీపు మీద చెయ్యి అందని చోట దురద పుడితే మనిషి ఎట్లా మెలికలు తిరుగుతాడో అట్లా ఉన్నాడు.

అడిగితే చెప్పరని తెలిశాక, కళ్లతో చూడాలని ఒక పనిముట్టు చెయ్యడం మొదలుపెట్టాడు. మొదట జొన్నబెండు రెండు ఇటుకల మీద పెట్టి చింతగింజల సంచి వేలాడదీశాడు. బెండు వంగింది, విరిగింది, ఏమీ చెప్పలేదు. తర్వాత భార్య మగ్గం మీది పాత పన్నెలోంచి, అంటే పోగులను విడదీసే దువ్వెన లాంటి దాంట్లోంచి, వెదురు పుల్లలు పీకాడు. అది పాతది కాదని ఆమె మూడు రోజులు అన్నం ముందు పెట్టి మాట్లాడలేదు. వెదురు ఎంత వంగిందో తెలిసింది. ఆ వంపులో ఏ పక్క నొప్పి పడుతోందో తెలియలేదు. నొప్పి అనే మాట ఆయనదే.

దారి చూపింది ఆమె మగ్గమే. నేసేటప్పుడు పడుగులో ఏ పోగైనా వదులైందేమోనని ఆమె గోటితో మీటి చూసేది. బిగువున్న పోగు సన్నగా మోగేది, వదులైంది పలికేది కాదు. రోజూ చూసేదే. ఒకనాడు ఆయన మగ్గం గుంట అంచున కూర్చుని ఆ మోత వింటూ ఉండి, ఉన్నపళాన లేచి పెరట్లోకి పరుగెత్తాడట.

విరిగిన మగ్గం కర్ర ఒకటి తెచ్చి పదహారు బిళ్లలుగా కోశాడు. ప్రతి బిళ్లకూ మీద ఒక చిల్లి, కింద ఒక చిల్లి. మీది చిల్లుల గుండా ఎర్ర దారం, కింది చిల్లుల గుండా నీలి దారం గుచ్చి బిళ్లలన్నీ ఒకదానికొకటి ఆనేట్టు బిగించాడు. అదే ఆయన దూలం. వెనకాల ఒక పలక, దాని మీద కాగితం. ప్రతి బిళ్లకూ ఒక పుల్ల. బరువు పెట్టినప్పుడు ఏ పుల్ల ఎంత దిగిందో అక్కడ చుక్క పెట్టి, చుక్కలు కలిపితే వంపు బొమ్మ దిగేది. ఇన్ని చింతగింజలకు ఇంత, అన్ని చింతగింజలకు అంత. రెండు ఇటుకల మీద పెట్టి నడుమ సంచి కడితే అడుగున బిళ్లల మధ్య సందులు విచ్చుకునేవి. నీలి దారం మీటితే మోగేది, ఎర్ర దారం మూగగా ఉండేది.

“ఏ దారం మోగుతదో ఆ దిక్కు సలాక పెట్టాలె. గంతే,” అన్నాడు నాతో. “ఆ పెద్ద సారు గీ ముక్క చెప్పితె ఏం పోతుండె?”

దానికి పేరు పెట్టింది ఆయన భార్య. “మాది బట్ట నేసే మగ్గం. ఈయనది వంపులు నేసే మగ్గం. మూడేండ్లాయె, ఒక్క గజం దిగలే,” అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఊర్లో అదే పేరు నిలిచింది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను.

మా ఊరి నేతవారి సంఘం కొత్త కొట్టు కట్టించింది. మేస్త్రిని నేనే. నూలు పంచే రోజున ఆడవాళ్లు పొద్దుటి నుంచి కొట్టు ముందు ఎండలో వరుసగా నిలబడేవాళ్లు. పాలమూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని వాకిలి మీద నాలుగడుగులు ముందుకొచ్చేట్టు సిమెంటు ఛజ్జా వెయ్యమన్నాడు సంఘం పెద్దాయన. సర్కారు కట్టడం కాదు కాబట్టి నక్ష లేదు. సున్నప్పొడితో నేల మీద గీసిందే నక్ష. నాకు సిమెంటు పని నేర్పింది కాలువ గట్లు. అక్కడ దూలాలెన్నో పోశాను, అన్నిటికీ సలాకలు అడుగునే. ఇక్కడా అడుగునే పరిచాను. ఊతకర్రలు, పలకలు అంతకుముందే కొట్టి ఉన్నాయి, మర్నాడు కంకర పోయాలి.

ఆ పొద్దున నక్ష సారు భుజాన వంపుల మగ్గం పెట్టుకుని వచ్చాడు. పలకల సందులోంచి సలాకలు చూసి, నా ఇసుక కుప్ప మీద దాన్ని దించాడు. కూలీలు మూగారు. సంఘం పెద్దాయనా వచ్చి నిలబడ్డాడు.

“మంచిగున్నది సారు. ఇంట్ల పసిపిల్ల ఉంటె దీంట్ల ఊపొచ్చు,” అన్నాను నేను. అందరూ నవ్వారు. నాకు ఇంకేం కావాలి.

ఆయన నవ్వలేదు. ఎర్ర దారం తీసేశాడు. నీలి దారం ఒక్కటే అడుగున ఉంచి, దూలం ఒక కొసను నా బండరాయి కింద ఇరికించి, రెండో కొసను గాలిలోకి వదిలాడు. బిళ్లలన్నీ తలలు వాల్చి ఇసుకలో పడ్డాయి.

“గిది నువ్వు పరిచిన తీరు,” అన్నాడు.

నీలి దారం తీసి ఎర్ర దారం పై చిల్లుల్లో గుచ్చి మళ్లీ ఇరికించాడు. ఈసారి కొస గాలిలోనే నిలబడింది. దాని చివర చింతగింజల సంచి కట్టాడు. కొద్దిగా వంగింది, పడలేదు. గోటితో మీటాడు. మోగింది.

“గిది పరువాల్సిన తీరు.”

కూలీల నవ్వు ఆగిపోయింది. అప్పుడు నోరు మూసుకుంటే మనిషినయ్యేవాణ్ని.

“సారు, నీది చెక్క, నాది సిమెంటు. ఇన్ని దూలాలు పోసిన, ఒక్కటన్న పడ్డదా? అడుగు ఎవలనన్న.”

“అవి రెండు దిక్కుల కూసున్నయి మేస్త్రి. గిది ఒక్క దిక్కే పట్టుకున్నది.” గొంతు తగ్గించాడు. “నూలు పంచే దినం దీని కిందనే నిలబడ్తరు ఆడోళ్లు. నా పెండ్లాం గూడ నిలబడ్తది.”

“వదినెను ఎండల నిలబడమను. ఎండ తలకు మంచిది.”

మళ్లీ నవ్వులు. ఆయన దారం విప్పి బిళ్లలు రుమాలులో వేసుకున్నాడు. లెక్కపెట్టాడు. పదిహేనే ఉన్నాయి. నీలి దారం లాగేసినప్పుడు ఒకటి జారి ఇసుకలో ఎక్కడో కూరుకుపోయింది. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు వెతికాడు. నేను సాయం పట్టలేదు. పదిహేనింటితోనే పోయాడు.

మర్నాడు కంకర పోశాం. సాయంత్రం మిగిలిన ఇసుక ఎత్తుతుంటే పారకు ఏదో తగిలింది. ఆ పదహారో బిళ్ల. పారెయ్యబోయి జేబులో వేసుకున్నాను.

ఆ రోజుతో నాకు కుదురు పోయింది. ఛజ్జా కింద ఊతకర్రలు మూడు వారాలు ఉండాలి. పొద్దున లేవగానే పోయి ఆ కర్రలు లెక్కపెట్టేవాణ్ని. మధ్యాహ్నం తిండి తినకుండా పోయి మళ్లీ లెక్కపెట్టేవాణ్ని. ఎవరన్నా పొయ్యిలోకని ఒకటి లాక్కుపోతేనో. మేకలు ఆ కర్రలకు ఒళ్లు రుద్దుకుంటుంటే రాళ్లతో తరిమేవాణ్ని. మేకల్ని కాసే ముసలాయన, “మేస్త్రి, నా మేకలు నీకేం చేసినయి?” అని అడిగితే చేతిలో రాయి కింద పడేసి ఇంటికి నడిచాను.

వారం తర్వాత ఒకనాడు పనికి పోలేదు. ఇంట్లో చిలగడదుంపలు ఉంటే రెండు తీసుకుని బిళ్లలుగా కోశాను. దబ్బనంతో అడుగు పక్కన దారం గుచ్చి, ఒక కొస పొత్రం కింద ఇరికించి, రెండో కొస వదిలాను. పడింది. మళ్లీ గుచ్చాను, మళ్లీ పడింది. పైపక్కన గుచ్చాను. నిలబడింది. మా ఆమె వాకిట్లోంచి చూస్తూ ఉంది.

“పనికి పోవా? గడ్డలతోని ఆడుతున్నవు.”

“ఆడుతలేను, చూస్తున్న.”

“ఏం గనబడ్డది?”

“గడ్డ పుచ్చింది.”

“పుచ్చలే. నేనే ఏరి తెచ్చిన,” అని అవి లాక్కుపోయి ఉడకేసింది. తినేటప్పుడు దారం పంటికి తగిలింది. మింగలేకపోయాను.

అప్పుడు తేలిపోయింది. ఊతకర్రలు తీస్తే ఛజ్జా దిగుతుంది, వెంటనే కాకపోతే ఒక వానకు, వానకు కాకపోతే ఒక నూలు రోజున. పగలగొట్టి మళ్లీ పోద్దామంటే సిమెంటు పర్మిట్ మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికి ఎరుక. పైగా అందర్నీ నవ్వించిన నోటితోనే తప్పు ఒప్పుకోవాలి. ప్రాణం పోయే మాట ఒకవైపు, పరువు పోయే మాట ఒకవైపు. సిగ్గులేకుండా రాస్తున్నాను, రెండు రోజులు నేను పరువు గురించే ఆలోచించాను. మూడో రోజు నూలు పంచారు. పాత కొట్టు ముందు వరుసలో ఆయన భార్య నిలబడి ఉంది, తల మీద నూలు సంచి కప్పుకుని. నన్ను చూసి, “మేస్త్రి, నీ నీడ ఎప్పుడొస్తది?” అంది. నేను ఆగలేదు. నేరుగా సంఘం పెద్దాయన ఇంటికి పోయాను.

“ఛజ్జా ముంగట రెండు రాతి కడీలు నిలబెడ్దమనుకుంటున్న,” అన్నాను.

“ఎందుకు?”

“ఆలంపూర్ గుళ్ల ముంగట స్తంభాలు లేవా? మన సంఘం ముంగట ఉంటె తప్పా?”

పెద్దాయన కళ్లు మూసుకుని ఊహించుకున్నాడు. “ముందుగాల ఎందుకు చెప్పలే?”

“అందం సంగతి ముందుగాల చెప్తె ఎవలు ఇంటరు?”

బండల గుట్ట నుంచి ఎడ్లబండి మీద రెండు నల్లరాతి కడీలు, ఒక రాతి దూలం దింపించాను. ఛజ్జా అంచు కింద కడీలు పాతి, వాటి మీద రాతి దూలం ఎక్కించి, అది అంచుకు ఆనిందని వేలు దూర్చి చూసుకున్నాకే ఊతకర్రలు తీశాను. తీసేటప్పుడు కూలీలందర్నీ దూరం పంపి కింద నేనొక్కణ్నే నిలబడ్డాను. చివరి కర్ర తీశాక గోడ దగ్గర, ఛజ్జా పైన, వెంట్రుక లాంటి గీత ఒకటి పడింది. అంతే. అంచు కడీల మీద కూర్చుంది. ఇప్పుడది రెండు దిక్కులా కూర్చున్న దూలం. గీత మీద సిమెంటు పూసి, ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

కొట్టు తెరిచిన నాడు నక్ష సారు వచ్చాడు. అందరూ తోరణం చూస్తుంటే ఆయన చెయ్యెత్తి ఛజ్జా అడుగు తడిమాడు. ఒక కడీని గోటితో కొట్టి విన్నాడు. గోడ దగ్గర నేను పూసిన చోటును చూశాడు. నా పక్క నుంచి పోతూ, నాకు మాత్రమే వినబడేట్టు, “ఇప్పుడు కింది సలాకలు సరిపోతయి మేస్త్రి,” అన్నాడు. నా ఒళ్లంతా చెమట పట్టింది. ఆయన వంతెన కాలున్న రుమాలు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి పదేళ్లు. ఎక్కడ కనబడ్డా ఒకే పలకరింపు. “పిల్లలు మంచిగున్నరా? కడీలు మంచిగున్నయా?” బజార్లో, జాతరలో, దవాఖాన వరండాలో. ఆ రెండో ప్రశ్న వినగానే చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకునేవాణ్ని. ఒక జోకు విసిరి పారిపోయేవాణ్ని. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని పదేళ్లు కాచుకున్నాను. ఎవరూ నన్నేమీ అడగలేదు, ఎవరూ నవ్వలేదు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను.

దొంగచాటుగా శిష్యరికం కూడా చేశాను. ఏ కొత్త పని ఒప్పుకున్నా ముందు వాళ్ల పెరటి దారిన పోయి, “నీళ్లు తాగనీకె వచ్చిన,” అనేవాణ్ని. మా ఇంట్లో బావి ఉందని ఆయనకు తెలుసు. చెంబు అందించి, వంపుల మగ్గం దించేవాడు. నడుమ మూడో ఇటుక పెడితే దాని మీద ఎర్ర దారం మోగేది. చూసుకుని, నీళ్లు తాగి, వచ్చేవాణ్ని. ఆ తర్వాత నేను వేసిన ఏ ఛజ్జాకూ సలాకలు అడుగున లేవు. పోయిన బిళ్ల బదులు ఆయన వేపచెక్కతో ఒకటి చేసుకున్నాడు. పదిహేను నల్లవి, ఒకటి తెల్లది. అది కనబడినప్పుడల్లా నా జేబు బరువెక్కేది. ఇచ్చేద్దామని జేబులో చెయ్యి పెట్టిన రోజులున్నాయి. ఇస్తే ఆ పొద్దుటి మాటలన్నీ మళ్లీ మాట్లాడాలి. అందుకని నీళ్లు మాత్రం తాగి వచ్చేవాణ్ని.

ఇంకో సంగతి. ఆ కడీలతో నా పేరు మోగింది. ఊర్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా, “మేస్త్రి, ఛజ్జా ముంగట రెండు కడీలు గావాలె,” అనేవాళ్లు. ఇప్పుడు సలాకలు సరిగా వేస్తున్నాను, కడీలు అక్కర్లేదు, అయినా అడుగుతున్నారంటే అది నా చేతి అందం కాక ఇంకేమిటి? పెండ్లి పందిళ్లలో కూర్చుని ఈ ఊరికి కడీల అందం నేర్పింది నేనే అని చెప్పుకున్న సందర్భాలు లేకపోలేదు.

చాయ హోటల్ నుంచి ఇంటికి పోలేదు మొన్న. నేరుగా వాళ్ల ఇంటికి పోయాను. ఆమె మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. గోడ కొయ్యకు వంపుల మగ్గం వేలాడుతోంది. ఆమె ఏడవలేదు. నేనే ముక్కు చీదాను. జేబులోంచి ఆ నల్లబిళ్ల తీసి మగ్గం అంచున పెట్టాను. ఆమె దాన్ని చూసింది, చేతిలోకి తీసుకోలేదు.

“వదినె, ఇది ఆయనది. ఆ దినం ఇసుకల పడ్డది. పదేండ్ల సంది నా తాన్నే ఉన్నది.”

“ఎర్కనే. నీ జేబు తడుముకునుడు చూసి చెప్పిండు.”

“ఒక మాట చెప్పాలె. ఆ సంఘం ఛజ్జాకు సలాకలు తప్పు పరిచిన నేను. కడీలు అందానికి కాదు, పడకుంట ఉండనీకె నిలబెట్టిన. ఆయనకు తెల్సు. తెల్సి గూడ, నా మొగం చూసి, గిన్నేండ్లు ఊర్లె ఒక్కనికి చెప్పలే. గసొంటి మనిషి యాడ దొరుకుతడు?”

ఆమె పోగుల మధ్య ఆడే నాడె ఆపింది. ఒక పోగును గోటితో మీటి, వదులుగా ఉందని దాన్ని ముడి వేసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

“చెప్పకపోవుడేంది? ఇంటింటికి తిరిగి చెప్పిండు, మేస్త్రి పనిమంతుడే గని ఛజ్జా ముంగట రెండు కడీలు అడుగుండ్రని. లేకుంటె ఊరంత నీ అందం జూసి అడిగిన్రనుకున్నవా? నీకొక్కనికే చెప్పొద్దన్నడు.”